మంచు కొండలకు వెళ్లే మన జిల్లాల వారికి స్కీ పరికరాల విషయంలో ఒక విన్నపం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

శీతాకాల విహారయాత్రల గురించి మీ ఆదివారం సంచికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని రాయగడలోని తెలుగు కుటుంబాల వాళ్లం చాలామందిమి శ్రద్ధగా చదివాము. గుల్‌మార్గ్, ఔలీ, సోలాంగ్ లోయలకు ఎలా చేరుకోవాలో, ఎక్కడ బస చేయాలో, ఎంత ఖర్చవుతుందో వివరంగా చెప్పిన ఆ వ్యాసంలో స్కీయింగ్ గురించి మాత్రం, పరికరాలు అక్కడే అద్దెకు దొరుకుతాయన్న ఒక్క వాక్యమే ఉంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ అద్దెకు దొరికిన బూటు మన పాదానికి పట్టిందో లేదో, ఆ బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మన బరువుకు, వయసుకు తగినట్టు బిగించారో లేదో చూసుకోవలసింది మనమే. ఎలా చూసుకోవాలో చెప్పేవారు లేక ఇక్కడి నుంచి సరదాగా వెళ్లినవారిలో కొందరు మోకాళ్లు, బొటనవేళ్లు పాడుచేసుకుని తిరిగి రావడం నేను చూస్తున్నాను. అందుకే కాస్త దీర్ఘమైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకప్పుడు స్కీయింగ్ మన ఊళ్లకు సంబంధం లేని విషయం. ఇప్పుడు పరిస్థితి వేరు. దమన్‌జోడి, సునాబేడ వంటి పారిశ్రామిక పట్టణాల్లో పనిచేసే తెలుగు ఉద్యోగులు సెలవు ప్రయాణ రాయితీ మీద కుటుంబాలతో కశ్మీరుకో, మనాలికో వెళ్తున్నారు. విశాఖపట్నం నుంచి బయలుదేరే సమతా ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, రాయగడల మీదుగానే నిజాముద్దీన్ చేరుతుంది కనుక ఢిల్లీ దాకా ప్రయాణం మాకు ఇబ్బంది కాదు. జయపురం, కొరాపుట్, గుణుపురం, పర్లాకిమిడిల నుంచి యువకులు బృందాలుగా బయలుదేరుతున్నారు. అయితే ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి మా పక్కనే ఉన్నా అది 1,672 మీటర్లే. చలికాలంలో దారింగ్‌బాడిలో గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచును చూడటానికే మేము కార్లు కట్టుకుని వెళ్తాము. ఈత నేర్పడానికి ఇంట్లో ఎవరో ఒక మామయ్య ఉంటారు గాని, స్కీ బూటు ఎలా తొడగాలో చెప్పగల పెద్దలు మన కుటుంబాల్లో లేరు. ఆ లోటును కొంతైనా పత్రికే తీర్చాలి.

మొట్టమొదట బూటు సంగతి చెప్పాలి. కొత్తవాళ్లందరి దృష్టీ స్కీల మీదే ఉంటుంది. రంగులు, పొడవు, కంపెనీ పేరు చూసి స్కీలు ఎంచుకుని, బూటు మాత్రం దుకాణదారు ఇచ్చినది వేసుకుంటారు. నిజానికి ఇది తలకిందులు పద్ధతి. మనం స్కీని తిప్పేది పాదంతో, మడమతో, ముఖ్యంగా మోకాలి కింది ఎముకను ముందుకు వంచి బూటు నాలుకను నొక్కడంతో. లోపల పాదం జారుతూ ఉంటే ఎంత ఖరీదైన స్కీ అయినా మాట వినదు. ఓ మోస్తరు స్కీలతోనైనా బూటు సరిగ్గా పట్టినవాడు మొదటి పూటకే మలుపు తిప్పగలుగుతాడు.

స్కీ బూటు కొలతకు మన చెప్పుల సైజుతో పని లేదు. పాదం పొడవును సెంటీమీటర్లలో చెప్పే మోండోపాయింట్ అనే కొలత వాడతారు. 26.5 అని రాసి ఉంటే 26.5 సెంటీమీటర్ల పాదానికి అని అర్థం. ఇది ఇంటి దగ్గరే కొలుచుకోవచ్చు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉండే వేళ, గోడకు మడమ ఆనించి, ఒక కాగితం మీద పూర్తి బరువుతో నిలబడి, పొడవైన వేలి కొన దగ్గర గీత గీయించుకోవాలి. రెండు పాదాలూ కొలవాలి, ఎందుకంటే అవి సమానంగా ఉండటం అరుదు. అలాగే వేళ్ల మొదట్లో పాదం ఎక్కడ బాగా వెడల్పుగా ఉంటుందో అక్కడ కొలిచి మిల్లీమీటర్లలో రాసుకోవాలి. బూట్లకు కూడా ఆ వెడల్పు కొలత ఉంటుంది. ఇరుకైనవి సుమారు 98 మిల్లీమీటర్లు, మధ్యరకం 100 నుంచి 102, వెడల్పైనవి 104 దాకా వస్తాయి. చిన్నప్పటి నుంచి చెప్పులతోనో వట్టి కాళ్లతోనో తిరిగిన మన పాదాలు ముందు భాగంలో విచ్చుకుని ఉంటాయి. మనవాళ్లు వెడల్పు చాలక బాధపడుతూ, దానికి మందుగా పొడవు ఒకటి రెండు సైజులు పెంచుకుంటారు. ఇదే అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. పొడవు పెరిగితే మడమ పైకి లేస్తుంది. లేచిన మడమను అదుపు చేయాలని బకిళ్లు బిగిస్తారు, రక్తప్రసరణ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చలి అంటే ఇదే కాబోలు అనుకుని పైన మరో జత మేజోళ్లు వేస్తారు. అడగవలసింది పొడవైన బూటు కాదు, వెడల్పైన బూటు.

దుకాణంలో పరీక్షించే పద్ధతి తేలికే. బూటు లోపలి మెత్తని లైనర్‌ను బయటికి తీసి, ఖాళీ ప్లాస్టిక్ షెల్‌లో పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకు తగిలేదాకా జరపాలి. అప్పుడు మడమ వెనుక ఒక వేలో, ఒకటిన్నర వేలో పట్టే ఖాళీ, అంటే ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే మనలాంటి వినోదపు స్కీయర్లకు సరిపోతుంది. రెండు వేళ్లకు మించి పడితే ఆ బూటు పక్కన పెట్టాలి. తరువాత లైనర్ తిరిగి పెట్టి, ఒకే ఒక్క జత పలుచని పొడవు మేజోడుతో తొడిగి, మడమను నేలకు రెండుమూడుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టి, ముందు పై బకిళ్లు, మోకాళ్లు ముందుకు వంచి చూసుకున్నాక కింది బకిళ్లు పెట్టాలి. నిటారుగా నిలుచున్నప్పుడు వేళ్లు ముందు గోడను తాకుతూ ఉండాలి, మోకాళ్లు వంచగానే కొద్దిగా వెనక్కి జరగాలి. నిలబడినప్పుడు ఇరుకుగా ఉందని అక్కడికక్కడే విప్పేయవద్దు. పది నిమిషాలు వేసుకుని, వంగుతూ లేస్తూ ఉండాలి. ఒత్తిడి పాదమంతా సమానంగా ఉంటే మంచిదే. ఒక్కచోట ముల్లులా పొడుస్తూ ఉంటే మాత్రం మార్చుకోవాలి. సగం సైజుల గురించి ఒక మాట. చాలా కంపెనీల్లో 26కు, 26.5కు షెల్ ఒకటే ఉంటుంది. కనుక సగం సైజు పెంచామని ఊరట పడటంలో పెద్దగా అర్థం లేదు.

బూటు గట్టిదనాన్ని ఫ్లెక్స్ అనే అంకెతో చెబుతారు. నేర్చుకునే స్త్రీలకు 60 నుంచి 80, పురుషులకు 70 నుంచి 90 మధ్య ఉన్నవి అనుకూలం. 120, 130 అంకెలు వేగంగా, బలంగా స్కీ చేసేవారికోసం. ఈ అంకె ఒక కంపెనీకి మరో కంపెనీకి కచ్చితంగా సరిపోలదు కాబట్టి దాన్ని కొలబద్దగా గాక సూచనగా మాత్రమే తీసుకుని, మోకాలు ముందుకు నొక్కినప్పుడు బూటు కొంతైనా వంగుతున్నదో లేదో మన కాలితోనే చూసుకోవాలి. బరువు తక్కువగా ఉన్న ఆడపిల్లలకు పెద్ద మగవారి బూట్లు ఇచ్చి పంపడం నేను చూశాను. అవి ఏమాత్రం వంగవు. వంగని బూటులో మనిషి వెనక్కి కూర్చుండిపోతాడు, వెనక్కి కూర్చున్నవాడికి స్కీ ముందు భాగం మీద అదుపు పోతుంది.

ఇక బైండింగ్. మీ పాఠకులు ఈ ఉత్తరంలో ఒక్క పేరానే చదువుతారంటే ఇది చదవాలని కోరతాను. బైండింగ్ పని బూటును పట్టి ఉంచడం మాత్రమే కాదు, సమయానికి వదిలేయడం కూడా. పడినప్పుడు స్కీ పొడవైన మీటగా మారి కాలిని మెలిపెడుతుంది. ఆ మెలి ఒక హద్దు దాటగానే ముందు భాగం పక్కకు, వెనుక భాగం పైకి తెరుచుకుని బూటును విడిచిపెట్టాలి. ఆ హద్దు ఎంతో చెప్పేదే బైండింగ్ మీద చిన్న కిటికీలో కనిపించే అంకె. దీన్ని డిన్ అంకె అంటారు. ఐఎస్ఓ 11088 అనే అంతర్జాతీయ ప్రమాణంలో దీనికి పట్టిక ఉంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు అనే అయిదు వివరాలు తెలిస్తే గాని ఆ అంకె తేలదు. బరువు ఒక వరుసలో, ఎత్తు మరో వరుసలో పడితే తక్కువ అంకె వచ్చే వరుసనే తీసుకోవాలి. 50 ఏళ్లు, ఆపైన వయసున్నవారికి మరో వరుస తగ్గించాలి. బూటు అడుగు పొడవు మిల్లీమీటర్లలో బూటు మడమ పక్కన అచ్చువేసి ఉంటుంది, ఉదాహరణకు 305 అని. అడుగు పొడవు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. స్కీ చేసే తీరును మూడు తరగతులుగా విభజించారు. వాలు తక్కువ చోట, నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లేవారు మొదటి తరగతి. కొత్తవాళ్లందరూ మొహమాటం లేకుండా మొదటి తరగతి అనే చెప్పాలి. అక్కడ బడాయికి పోయి మూడో తరగతి అని చెబితే పడినప్పుడు స్కీ వదలదు.

ఒకసారి మా బంధువర్గం ఆరుగురం కలిసి వెళ్లినప్పుడు ఒక అద్దె దుకాణంవారు మా బరువులు గాని, వయసులు గాని అడగకుండానే స్కీలు చేతిలో పెట్టారు. కొండ మీద ఒకచోట ఆగినప్పుడు చూస్తే అందరి బైండింగుల మీదా ఒకే అంకె ఉంది. మాలో ఎనభై కిలోలకు పైబడిన యువకుడూ ఉన్నాడు, యాభై దాటిన, పలచని మనిషి మా వదినగారూ ఉన్నారు. తిరిగి వెళ్లి మార్పించుకుందామని మేము అనుకుంటుండగానే ఆవిడ నెమ్మదిగా తిరిగే ఒక మలుపులో పక్కకు ఒరిగారు. వేగం ఏమీ లేదు. స్కీ విడిపోలేదు, మోకాలు మెలిపడి లోపలి లిగమెంటు దెబ్బతింది. ఆ తరువాత నెలల తరబడి విశాఖపట్నం వెళ్లి వస్తూ వైద్యం చేయించుకోవలసి వచ్చింది. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. బైండింగులు ప్రధానంగా మోకాలి కింది ఎముకను కాపాడటానికి తయారైనవి. అవి వచ్చాక ఆ ఎముక విరగడం బాగా తగ్గింది గాని, మోకాలి లిగమెంట్లకు వాటి వల్ల అంత రక్షణ లేదు. అంకె సరిగ్గా ఉన్నా ఆవిడకు దెబ్బ తగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా యాభై దాటిన మనిషికీ, బలిష్ఠుడైన కుర్రవాడికీ ఒకే అంకె పెట్టడం ఏ లెక్క ప్రకారం చూసినా తప్పే.

కనుక స్కీలు చేతికి రాగానే నాలుగు కిటికీలూ చూడండి, ముందువి రెండు, వెనుకవి రెండు. అంకె ఎలా నిర్ణయించారని అడగండి. వయసు, బరువు అడగకపోతే మీరే చెప్పండి. స్క్రూడ్రైవరు తీసుకుని స్వయంగా తిప్పుకోవద్దు, ఎందుకంటే అంకె ఒక్కటే కాదు, బూటు పొడవుకు తగ్గట్టు వెనుక భాగం జరిపి, లోపలి స్ప్రింగు ఒత్తిడి సరైన గీతకు వచ్చిందో లేదో చూడటం తెలిసినవాడి పని. కుటుంబాల్లో మరొక అలవాటు ఉంది. మధ్యాహ్నం తమ్ముడి స్కీలు అన్న, అక్క స్కీలు చెల్లెలు ఒక్కసారి ఇలా ఇవ్వమని మార్చుకుంటారు. బూటు అడుగు పొడవు వేరైతే ఆ బైండింగ్ సరిగ్గా పట్టనూ పట్టదు, వదలనూ వదలదు. పంచుకోదగ్గ వస్తువు కాదది. ఇంకా, బైండింగ్‌లో కాలు పెట్టే ముందు ప్రతిసారీ బూటు అడుగున అంటుకున్న మంచును చేతిలోని స్కీ కర్ర మొనతో పూర్తిగా గీకివేయాలి. మంచు గడ్డకట్టి మధ్యలో ఉండిపోతే పట్టిందనిపించి మలుపులో ఊడిపోతుంది, లేదా ఊడవలసిన చోట ఊడదు. స్కీ బూట్లతో తారు రోడ్డు మీద, రాళ్ల మీద నడిస్తే అడుగు అరిగి అదే ఇబ్బంది వస్తుంది. కొత్త బూట్లలో నడకకు వీలుగా రబ్బరు అడుగు ఉన్న గ్రిప్‌వాక్ రకం వచ్చింది. వాటికి తగిన బైండింగ్ వేరుగా ఉంటుంది కాబట్టి, సొంత బూటుతో వెళ్లి స్కీలు అద్దెకు తీసుకునేవారు ఈ రెండూ జోడీ కుదురుతాయా అని అడిగి తీరాలి.

స్కీల విషయం ఇంత కష్టం కాదు. నిలబెట్టినప్పుడు కొత్తవారికి గడ్డం దాకా, కాస్త అలవాటైనవారికి ముక్కు దాకా వచ్చే పొడవు చాలు. 165 సెంటీమీటర్ల మనిషికి సుమారు 145 నుంచి 155 అనుకోవచ్చు, బరువు తక్కువగా ఉంటే ఇంకొంచెం పొట్టిది. స్కీ మీద 121, 74, 104 వంటి మూడు అంకెలు కనిపిస్తాయి. అవి ముందు, నడుము, వెనుక భాగాల వెడల్పులు. చదును చేసిన వాలులో నేర్చుకునేవారికి నడుము 70 నుంచి 85 మిల్లీమీటర్ల మధ్య ఉంటే ఒక అంచు నుంచి మరో అంచుకు మారడం తేలిక. 100 దాటినవి లోతైన కొత్త మంచులో తేలడానికి చేసినవి. గుల్‌మార్గ్ అలాంటి మంచుకు పేరు పొందింది గనుక అక్కడి దుకాణాల్లో వెడల్పు స్కీలు ఎక్కువగా కనిపిస్తాయి, కానీ నేర్చుకునే వాలు మీద అవి మన పని కష్టం చేస్తాయి. పక్కన మీటర్లలో రాసి ఉండే మలుపు వ్యాసార్ధం 12 నుంచి 16 మధ్య ఉంటే మనకు చాలు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్‌మార్గ్ ప్రాంతం మనిషే కాబట్టి, ఆయన ఆడే జెయింట్ స్లాలమ్ (పాతిన గుర్తుల మధ్య మలుపులు తిరుగుతూ వేగంగా దిగే పందెం) స్కీల మీద కుర్రవాళ్లకు మోజు ఉండటం సహజం. అయితే ఆ పోటీ నియమాల ప్రకారం పురుషుల స్కీ కనీసం 193 సెంటీమీటర్ల పొడవు, కనీసం 30 మీటర్ల వ్యాసార్ధం గలది. ఏళ్ల సాధన ఉన్నవాడి కాళ్లకు వేగంలో పనికివచ్చే వస్తువు నెమ్మదిగా వెళ్లే మనకు మలుపే తిరగదు.

తీసుకునే ముందు అంచులు చూడండి. ఇనుప అంచు మీద గోటిని అడ్డంగా లాగితే సన్నని పొడి రాలాలి. జారిపోతే అంచు మొద్దుబారినట్టు, గట్టిపడిన మంచు మీద అది పట్టదు. అడుగు భాగం తెల్లగా ఎండిపోయినట్టు ఉంటే మైనం పట్టించి చాలాకాలమైనట్టు. అంచు తుప్పు పట్టి, పక్క పొరలు విడిపోయి కనిపిస్తే ఏ బేరమూ లేకుండా వేరే జత అడగాలి.

కర్రల గురించి రెండు మాటలే. కర్రను తలకిందులుగా పట్టుకుని, కింది చక్రం కింద పిడికిలి పెట్టినప్పుడు మోచేయి లంబకోణంలో ఉంటే పొడవు సరిపోయినట్టు. పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి పోనిచ్చి పట్టుకోవాలి, అయితే పడుతున్నప్పుడు కర్ర వదిలేయడం అలవాటు చేసుకోవాలి. కర్ర పట్టుకునే పడితే బొటనవేలి మొదట్లోని లిగమెంటు తెగవచ్చు. ఈ దెబ్బ ఎంత మామూలంటే వైద్యులు దానికి స్కీయర్ బొటనవేలు అనే పేరు పెట్టారు.

హెల్మెట్టు ఇప్పుడు చాలా దుకాణాలు ఇస్తున్నాయి, కానీ మనవాళ్లు దాని కింద మంకీ క్యాప్ తొడిగి పెడుతున్నారు. మందపాటి ఉన్ని టోపీ మీద హెల్మెట్టు కుదురుగా కూర్చోదు, దెబ్బ తగిలిన క్షణంలో పక్కకు జరిగిపోతుంది. చలికి తాళలేనివారు స్కీ హెల్మెట్ల కోసమే చేసిన పలుచని తొడుగు వాడాలి. హెల్మెట్టు లోపల ఈఎన్ 1077 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్ 2040 అనే భద్రతా ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడాలి. గడ్డం పట్టీ విప్పి తల అటూ ఇటూ ఊపినా కదలకుండా ఉండాలి. మోటారు సైకిలు హెల్మెట్టు ఇందుకు పనికిరాదు.

కళ్లద్దాల విషయం మన మైదానాల వారికి బొత్తిగా తెలియదు. కొత్తగా కురిసిన మంచు అతినీలలోహిత కిరణాల్లో సుమారు 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎత్తు 1,000 మీటర్లు పెరిగేకొద్దీ ఆ కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. గుల్‌మార్గ్ ఎత్తు 2,650 మీటర్లు. పైనుంచీ కిందనుంచీ తగిలే ఆ వెలుగుకు కళ్లు కొన్ని గంటల తరువాత ఇసుక పోసినట్టు మండి, నీరు కారి, తెరవలేని స్థితి వస్తుంది. గాగుల్స్ అద్దాలకు ఎస్0 నుంచి ఎస్4 దాకా తరగతులున్నాయి. ఎండ బాగా కాసే రోజుకు 8 నుంచి 18 శాతం వెలుగే లోపలికి వదిలే ఎస్3, మబ్బు పట్టి మంచు కురిసే రోజుకు 18 నుంచి 43 శాతం వదిలే ఎస్2 తగినవి. రోడ్డు పక్కన దొరికే నల్లద్దాలు అతినీలలోహిత కిరణాలను ఆపలేకపోతే మేలుకన్నా కీడే ఎక్కువ, ఎందుకంటే చీకటికి కనుపాప విచ్చుకుని మరిన్ని కిరణాలను లోపలికి రానిస్తుంది.

బట్టల గురించి క్లుప్తంగా చెబుతాను. నూలు బనియను, నూలు మేజోడు, జీన్సు ప్యాంటు మూడూ చెమటనో మంచునో పీల్చి తడిగానే ఉండిపోతాయి. ఒంటికి ఉన్ని లేదా పాలిస్టరు లోపలి దుస్తులు, పైన నీరు చొరని కోటు, ప్యాంటు ఉండాలి. గుల్‌మార్గ్‌కు కింద ఉన్న టంగ్‌మార్గ్‌లో అద్దెకిచ్చే పొడవు కోటు, రబ్బరు బూటు మంచులో నడిచి ఫోటోలు దిగడానికి సరిపోతాయి గాని, స్కీయింగుకు పనికిరావు. మోకాళ్ల కిందికి వచ్చే కోటు కాలికి అడ్డం పడుతుంది.

కొనడమా, అద్దెకు తీసుకోవడమా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఎప్పుడో ఒకసారి వెళ్లేవారు ఏదీ కొనవద్దు, మేజోళ్లు, చేతి తొడుగులు, గాగుల్స్ తప్ప. ప్రతి శీతాకాలం వెళ్లేవారు మొదట కొనవలసింది బూట్లు. అవి పాదానికి ఒదుగుతూ వస్తాయి, సంచిలో పెట్టుకుని రైల్లో సులువుగా తీసుకుపోవచ్చు. స్కీలు ఎప్పటికీ అద్దెకే తీసుకున్నా నష్టం లేదు, ఏటికేడు మంచుకు తగినవి మార్చుకోవచ్చు కూడా. చౌకగా వచ్చాయని పాత స్కీలు, పాత బైండింగులు తెప్పించుకోవడం మాత్రం ప్రమాదం. తయారీదారులే ఇక బాధ్యత వహించని పాత బైండింగులను బాగుచేయడానికి శిక్షణ పొందిన మెకానిక్కులు కూడా ఒప్పుకోరు. సొంత బూట్లు కొన్నవారికి మన వాతావరణం మరో పరీక్ష పెడుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా కురిసే వానలకు రాయగడలో బీరువాలోని బట్టలకే బూజు పడుతుంది. యాత్ర నుంచి రాగానే లైనర్లు బయటికి తీసి నీడలో, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరబెట్టి, తిరిగి పెట్టి, షెల్ రూపం చెడకుండా బకిళ్లు వదులుగా పెట్టి ఉంచాలి. ఎండలో పెడితే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. బూటు ప్లాస్టిక్ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. మన తేమలో ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది కాబట్టి పదేళ్లు దాటిన బూటును కొండ మీదికి తీసుకుపోకపోవడమే మంచిది. స్కీలు కూడా కొన్నవారు అంచులు తుడిచి పలుచగా నూనె రాసి, అడుగున మైనం మందంగా పట్టించి గీకకుండా ఉంచితే వానాకాలంలో తుప్పు పట్టదు.

గుల్‌మార్గ్ గండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. అక్కడి నుంచి గస్తీ లేని వాలుల్లోకి దిగాలనుకునేవారికి మంచు చరియలు విరిగిపడే ప్రమాదంలో వాడే ట్రాన్స్‌సీవర్ (మంచు కింద కూరుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార ఉండాలి, వాటిని వాడటం తెలిసిన తోడు ఉండాలి. అవి లేనివారు కింది నేర్చుకునే వాలుల్లోనే ఉండాలి. అక్కడ నేర్చుకోవడానికి కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరిట ఉన్న పర్వతారోహణ సంస్థ కూడా స్కీ కోర్సులు నడుపుతుంది. ఒక పూట సరదాకన్నా ఇలాంటిచోట కోర్సులో చేరితే పరికరాలు సరిచూడటం పాఠంలో భాగంగానే నేర్పుతారు.

ఇక నా విన్నపం. రాయగడ, జయపురం, బరంపురం నుంచి బృందాలను తీసుకుపోయే యాత్రా నిర్వాహకులు టిక్కెట్లకు పేరు, వయసు రాసుకున్నట్టే ప్రతి ఒక్కరి బరువు, ఎత్తు, పాదం పొడవు, వెడల్పు కూడా ముందే రాసుకుని అద్దె దుకాణానికి పంపాలి. కొండకు చేరిన మొదటి ఉదయం కొండ ఎక్కించకుండా బూట్లు సరిచూడటానికే కేటాయించాలి. ఇందుకు ఖర్చేమీ లేదు, ఒక పూట ఆలస్యం మాత్రమే. బైండింగ్ అంకెను ఏ ప్రమాణం ప్రకారం పెడతారో రాతపూర్వకంగా చెప్పగల దుకాణంతోనే వారు ఒప్పందం చేసుకోవాలి. మీ పత్రిక ఉత్తరాంధ్ర సంచిక మా జిల్లాలకూ వస్తుంది కనుక, వచ్చే శీతాకాలానికి యాత్రల వ్యాసం వేసేటప్పుడు హోటళ్ల ధరల పక్కనే పాదం కొలిచే పద్ధతిని, బైండింగ్‌కు కావలసిన అయిదు వివరాలను ఒక చిన్న పెట్టెలో అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. నవంబరులోపు వస్తే, డిసెంబరు సెలవులకు బయలుదేరేవారు దాన్ని కత్తిరించి సంచిలో పెట్టుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రాయగడ, ఒడిశా